మూడే టికెట్లు

"కృపా, పప్పులో చింతపండు తగ్గించు. రోమ్‌లో చేసింది నోట్లో పెట్టుకోలేకపోయాం," అంది రిబ్కా వదిన, హాల్లో అద్దం ముందు నిలబడి మెడలో స్కార్ఫ్ సర్దుకుంటూ. ఫ్లారెన్స్‌లో అప్పుడు ఉదయం ఎనిమిదైంది. తెనాలి నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చిన చిన్న రైస్ కుక్కర్ గిన్నెను నేను సింకులో తోముతున్నాను. ఆ వంటగది కిటికీలోంచి చూస్తే ఎదురింటి పసుపు గోడ, దానికున్న ఆకుపచ్చ చెక్క రెక్కల కిటికీలు తప్ప ఇంకేమీ కనబడవు. అంతకుముందు సాయంత్రం స్టేషన్ నుంచి టాక్సీలో వస్తున్నప్పుడు ఒక సందు చివర, ఇళ్ళ కప్పుల మీదుగా, ఎర్రటి పెద్ద గుమ్మటం ఒక్క క్షణం కనబడి దాటిపోయింది. "అదే! అదేనండీ!" అని అరిచినంత పని చేశాను. ముందు సీట్లో ఉన్న మా ఆయన వెనక్కి తిరిగి "ఏంటి, రైల్లో ఏదన్నా మర్చిపోయావా?" అన్నారు.

మర్చిపోలేదు. పద్దెనిమిదేళ్ళుగా తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఏటా పునరుజ్జీవనం పాఠం వచ్చినప్పుడు ఆ గుమ్మటాన్ని బోర్డు మీద చాక్‌పీసుతో గీసి, "ఇంత పెద్ద కప్పుని కింద దన్నులు లేకుండా ఎలా నిలబెట్టారో చెప్పుకోండి చూద్దాం" అని పిల్లల్ని అడుగుతాను. ఆ ఊరికి నేను ఎప్పటికైనా వస్తానని అనుకోలేదు. మార్చిలో ఒక సాయంత్రం మా ఆయన కిషోర్ బ్యాంకు నుంచి ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని షూలు విప్పుకుంటూ, "మే నెలకి మన పెళ్ళయి పాతికేళ్ళు. నిన్ను ఇటలీ తీసుకెళ్తున్నా కృపా," అన్నారు. బాపట్లలో నర్సింగ్‌హోమ్ నడిపే వాళ్ళ బావ డాక్టర్ శాలేమురాజు, అక్క రిబ్కా, మా అత్తయ్య ధనమ్మగారు, మేమిద్దరం. అత్తయ్యకి చనిపోయేలోపు పౌలు భక్తుడు ఉన్న రోమ్ చూడాలని కోరిక. అందరం కలిసి వెళ్తే బాగుంటుందన్నారు. అదే మే నెలలో మా స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది, నాకే వస్తుందని స్టాఫ్‌రూమ్ అంతా అనుకుంటోంది. ఆ మాటే చెబితే ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇంటర్వ్యూలు మళ్ళీ వస్తాయి. పాతికేళ్ళు మళ్ళీ వస్తాయా?" అన్నారు. ఆయన నా చెయ్యి అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఇంటర్వ్యూకి రాలేనని రాసిచ్చాను. నాకంటే ఆరేళ్ళు వెనక చేరిన వెంకట్ సార్‌కి ఆ కుర్చీ వెళ్ళింది. నేను బయల్దేరే ముందురోజు స్టాఫ్‌రూమ్‌లో ఆడవాళ్ళంతా కలిసి యాభై యూరోల నోటు ఒకటి మార్పించి నా చేతిలో పెట్టారు. "ఇంట్లోవాళ్ళకి ఏమీ కొనకు. నువ్వు తిను," అన్నారు.

రోమ్‌లో రెండు రోజులున్నాం. మొదటి రోజు అత్తయ్యకి ప్రయాణం బడలిక. రెండో రోజు పొద్దున అందరం టాక్సీలో వెళ్ళి పౌలు పేరు మీదున్న చర్చి చూసి వచ్చాం, మధ్యాహ్నానికి ఆవిడ కాళ్ళు వాచాయి. రెండు రోజులూ "కృప ఉంటుందిగా" అన్న ఒక్క మాటతో మిగతా ముగ్గురూ తలుపు మూసుకుని వెళ్ళిపోయారు. నేను ఇన్సులిన్ ఇచ్చాను, కాళ్ళు నొక్కాను, ఐదుగురికీ వండాను. వచ్చాక వాళ్ళు సోఫాలో కాళ్ళు చాపుకుని ఫొటోలు చూపిస్తూ "నువ్వూ వచ్చుంటే బాగుండేది" అన్నారు. నిజమే అనుకున్నాను. పెద్దావిడకి బాగాలేకపోతే ఎవరో ఒకరు ఉండాలి కదా, ఫ్లారెన్స్‌లో బాగుంటుందిలే అనుకున్నాను. ఫ్లారెన్స్‌లో మాకున్నది ఒక్క రోజే. మర్నాడు వెనిస్.

ఆ పొద్దున అత్తయ్య మంచం దిగి వాకర్ పట్టుకుని బాత్రూమ్‌కి బానే నడిచి వెళ్ళారు. కాళ్ళు చూశాను, వాపు తీసింది. ఆనందంగా వెళ్ళి చెప్పాను. వదిన అద్దంలోంచే నా వంక చూసి, "ఎందుకొచ్చిన రిస్కు కృపా, రాళ్ళు పరిచిన రోడ్లు. అమ్మ ఇక్కడే ఉంటుందిలే," అంది. మా ఆయన మెడలో ఫోన్ తగిలించుకుంటున్నారు. ఆయన వంక చూశాను. "సాయంత్రం త్వరగా వచ్చేస్తాం. అప్పుడు అలా వీధి చివరిదాకా వెళ్ళొద్దాం," అన్నారు. తలుపు మూసుకుంది. మెట్ల మీద వాళ్ళ నవ్వులు కిందిదాకా వినబడ్డాయి.

తొమ్మిదింటికి బెల్లు మోగింది. ఆ ఇల్లు మాకు అద్దెకిచ్చిన ఇంటావిడ. కింది అంతస్తులోనే ఉంటుందట. అరవై దాటిన మనిషి, తెల్ల జుట్టు కురచగా కత్తిరించుకుంది. ఫోన్‌లో ఏదో మాట్లాడితే అది ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది: పోలీసు వివరాల కోసం అందరి పాస్‌పోర్టులూ ఒకసారి ఫొటో తీసుకోవాలి. కాగితాలన్నీ వదిన నీలం ప్లాస్టిక్ ఫైలులో పెట్టి సూట్‌కేసు పైఅరలో దాచింది. తీసి ఇచ్చాను. ఆవిడ పాస్‌పోర్టులు ఫొటో తీసుకుంటుంటే నేను ఫైలులో మిగతా కాగితాలు జారకుండా పట్టుకున్నాను. మొదట కనబడింది మా స్కూల్ ముద్ర. వీసా కోసం కరస్పాండెంట్ గారిని అడిగి రాయించి తెచ్చిన ఉత్తరం. 'శ్రీమతి కృపారాణి మా పాఠశాలలో పద్దెనిమిదేళ్ళుగా సోషల్ స్టడీస్ ఉపాధ్యాయురాలు.' ఏ మడతల్లో మా ఆయనకిచ్చానో ఆ మడతల్లోనే ఉంది. దాన్నెవరూ విప్పను కూడా లేదు.

దాని వెనక ఇంగ్లీషులో టైపు చేసిన ఇంకో ఉత్తరం నకలు. 'మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు, షుగరు ఉంది. ఆమెకు పూర్తికాలం అటెండెంట్‌గా శ్రీమతి కృపారాణి వెంట వస్తున్నారు. ఈమె గృహిణి, ఉద్యోగం లేదు. ప్రయాణమంతటా ఈమె పెద్దావిడతో బసలోనే ఉంటారు.' కింద శాలేమురాజు అన్నయ్యగారి సంతకం. దాని పక్కన నాకు బాగా తెలిసిన సంతకం, కె అక్షరం తోక పొడుగ్గా లాగి. పాతికేళ్ళుగా పిల్లాడి ప్రోగ్రెస్ కార్డుల మీదా, గ్యాస్ బుక్కు మీదా చూస్తున్న సంతకం.

అయినా నా మనసు ఇంకా ఆయన తరఫునే వాదిస్తోంది. వీసా వాళ్ళు అడిగుంటారు, డాక్టరుగారు రాసేసుంటారు, ఈయన మొహమాటానికి సంతకం పెట్టుంటారు. ఆ కాగితం వెనక్కి తిప్పాను. మ్యూజియం టికెట్లు. రోమ్‌లో పాత రంగస్థలానికి మూడు. ఫ్లారెన్స్‌లో దావీదు శిల్పానికి మూడు, ఈ రోజు పదకొండున్నరకి. వెనిస్‌లో రాజభవనానికి మూడు. ఒక్కోదాని మీదా పేర్లున్నాయి. శాలేమురాజు, రిబ్కా, కిషోర్. కొన్న తేదీ మార్చి పదకొండు. మా ఆయన కుర్చీలో కూర్చుని షూలు విప్పుకుంటూ నా చెయ్యి పట్టుకున్నది మార్చి పద్నాలుగు. ఆ తేదీ నేను మర్చిపోయే తేదీ కాదు.

అత్తయ్య కాళ్ళు వాచినా వాయకపోయినా నాకు టికెట్టు లేదు. మొదట్నుంచీ లేదు.

ఇంటావిడ నా మొహం చూసి ఏదో అడిగింది. ఫోన్ మాట్లాడింది: "మీకు ఒంట్లో బాగుందా?" నేను తల ఊపి, రెండు నిమిషాలు ఉండమని సైగ చేసి, ఆ కాగితాలు పట్టుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఆవిడ దిండుకి ఆనుకుని బైబిల్ చదువుకుంటున్నారు. ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. కాగితం ఆవిడ ముందు పెట్టాను.

"ఇది మీకు తెలుసా అత్తయ్యా?"

కళ్ళజోడు సర్దుకుని నిదానంగా చదివారు. తిరిగి ఇచ్చేశారు. "తెలుసు. మనిషి తోడు లేకపోతే నేను రానన్నాను. నర్సుని పెడదామంది రిబ్కా. కిషోరే అన్నాడు, నర్సెందుకు, కృప ఉందిగా అని."

"నాతో చెప్పొచ్చు కదండీ. అడిగితే కాదనేదాన్నా?"

"కాదనవు కాబట్టే చెప్పలేదు," అన్నారావిడ. మళ్ళీ ఏమనుకున్నారో, "మా అత్తకి నేను పద్నాలుగేళ్ళు చేశాను. స్కూలుకెళ్ళేముందు చేశాను, వచ్చాక చేశాను. నన్నెవరూ ఇటలీ తీసుకురాలేదు," అన్నారు.

ఆ మాటలో నిజముంది. ఆ నిజం నాకు ఏ మాత్రం సాయం చెయ్యలేదు. ఆవిడకి ఇన్సులిన్ ఇచ్చాను, ఉప్మా పెట్టాను, మంచం పక్కన నీళ్ళూ బిస్కెట్లూ ఫోనూ పెట్టాను. తర్వాత మా ఆయనకి ఫోన్ చేశాను.

"మీరు వెంటనే ఇంటికి రండి. నేను బయటికెళ్తున్నాను."

"ఏంటి, అమ్మకేమైంది?"

"ఏం కాలేదు. బానే ఉన్నారు. నేను ఊరు చూడ్డానికి వెళ్తున్నా."

"నీకు మతిపోయిందా? పదకొండున్నరకి మాకు ఎంట్రీ. టికెట్టు వేస్టవుద్ది."

"అయితే వదిన్ని పంపండి. అన్నయ్యగార్ని పంపండి. ముగ్గుర్లో ఎవరొచ్చినా పర్లేదు. ఆవిడ మీ అమ్మ."

ఇంటావిడకి ఆమె ఫోన్‌లోనే చెప్పాను: అరగంటలో కొడుకు వస్తాడు, అందాకా మీరు పైన కూర్చోగలరా? ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కిందికెళ్ళి అల్లిక పని తెచ్చుకుని అత్తయ్య గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను చేత్తో పొమ్మంది. నేను ముఖం కడుక్కుని, ఆదివారాలు చర్చికి కట్టుకునే మంగళగిరి చీర కట్టుకున్నాను. నా పాస్‌పోర్టు ఫైలులో తిరిగి పెట్టలేదు.

వీధి మలుపులో కాఫీ కొట్టు ముందు నిలబడ్డాను. ఎటు వెళ్ళాలో తెలియక కాదు. ఆయన వచ్చేదాకా అత్తయ్యని వదిలి ఆ వీధి దాటడానికి నా కాళ్ళు ఒప్పుకోలేదు. ఇరవై నిమిషాలకి వచ్చారు. చెమటలు కక్కుతూ, మెడలో ఫోన్ ఊగుతూ, నాకు పది బారల దూరంలోంచి దాటిపోయారు. ఆ వీధి మొత్తం మీద చీర కట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే. ఆయనకి కనబడలేదు. పిలవాలనీ అనిపించలేదు.

అప్పుడు నడవడం మొదలుపెట్టాను. నాలుగు సందులు తిరిగేసరికి ఎదురుగా ఉన్నట్టుండి ఆకాశం దాకా లేచింది. తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగు పాలరాళ్ళు చీర అంచులో గళ్ళు నేసినట్టు పేర్చి ఉన్నాయి. దాని వెనక ఆ ఎర్ర గుమ్మటం. నేను బోర్డు మీద గీసేది అరచేయంత. ఇది చూడాలంటే మెడ వెనక్కి వంచి, ఇంకా వంచి, చివరికి రెండడుగులు వెనక్కి వెయ్యాలి. లోపలికి టికెట్టు లేదు, వరసలో నిలబడితే చాలు. గుమ్మం దగ్గర కాపలా మనిషి చేతుల్లేని గౌన్లు వేసుకున్న అమ్మాయిల్ని ఆపి పేపరు శాలువాలు కప్పుకోమంటున్నాడు. నన్ను చూసి తల వంచి లోపలికి పొమ్మన్నాడు. గుమ్మటం కింద నిలబడ్డాను. ఇటుక మీద ఇటుక, ఒకదాన్నొకటి పట్టుకుని పైకి వెళ్ళాయని పుస్తకంలో ఉన్న వాక్యం పిల్లల చేత ఎన్నిసార్లు చదివించి ఉంటాను! అక్కడ ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. తొమ్మిదో తరగతి బి సెక్షన్ పిల్లలు గుర్తొచ్చి, వాళ్ళకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయని తొందర పుట్టింది. కొలతకి అడుగులు వేసి లెక్కపెట్టుకున్నాను కూడా.

ఆకలైంది. పాత మార్కెట్టు అని బోర్డు చూసి వెళ్ళాను. ఇనుప కప్పు కింద కూరగాయలు, జున్నుగడ్డలు, వేలాడే మాంసాలు. ఒక మూల పదిమంది నిలబడి ఉన్న బల్ల దగ్గర నుంచి ఆవిరితో పాటు ఒక వాసన వచ్చింది. ఆ వాసనకి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఈ దేశంలో నాకు తెలిసిన వాసన ఏముంటుంది? దగ్గరికెళ్ళి చూశాను. పెద్ద గిన్నెలో ఉడుకుతున్నది బోటీ. ఆవు పొట్ట. కొట్టతను ఒక ముక్క పైకి తీసి, చెక్క మీద చకచకా తరిగి, గుండ్రటి రొట్టె మధ్యలో పెట్టి, రొట్టె పైచెక్కని ఆ ఉడుకు నీళ్ళలో ముంచి మూస్తున్నాడు. సూటు వేసుకున్నవాళ్ళు, నారింజ రంగు చొక్కాలేసుకుని వీధులూడ్చే ఆడవాళ్ళు, తోలు సంచీల వాళ్ళు, అందరూ ఒకే బల్లకి ఆనుకుని తింటున్నారు.

మా పెళ్ళికి ముందు కిషోర్ గారు నన్ను చూసుకోడానికి రేపల్లె వచ్చినప్పుడు మా అమ్మ బోటీ కూర వండింది. అమ్మ పొలంలో నాట్లేసే మనిషి, నాన్న రైస్ మిల్లులో హమాలీ. ఉన్నదాంట్లో అమ్మ చేతికి అదే పండగ వంట. తెల్లారగట్ల లేచి సున్నం నీళ్ళలో కడిగి, మధ్యాహ్నం దాకా ఉడికించింది. ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నారు. "ఇంకొంచెం అత్తయ్యా, మా ఇంట్లో ఇలాంటివి ఉండవు," అన్నారు. ఆ ఒక్క మాటకి అమ్మ ఆయన్ని గుండెల్లో పెట్టుకుంది. పెళ్ళయిన నెలకి అల్లుడికి ఇష్టమని స్టీలు క్యారియర్ నిండా వండుకుని రేపల్లె పాసింజరెక్కి తెనాలి వచ్చింది. అత్తయ్య మూత తీసి చూశారు. మా మావయ్యగారు తహసీల్దారుగా చేసినవారు, ఇల్లు ఆఫీసర్ల కాలనీలో. "ఇలాంటివి ఈ గుమ్మం లోపలికి రాకూడదు వదినగారూ. మనం ఆ రోజులు దాటొచ్చాం. చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు?" అని క్యారియర్ తీసుకెళ్ళి వెనక గోడ పక్కన పెట్టించారు. ఈయన హాల్లోనే ఉన్నారు. పేపరు చదువుకుంటున్నారు. పేపరు కిందికి దించితే చాలు. 'నేనే తెమ్మన్నాను' అని ఒక్క అబద్ధం ఆడినా చాలు. దించలేదు. అమ్మ మంచినీళ్ళు తాగి సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికింది. మా ఇంట్లో మళ్ళీ అన్నం తినలేదు. "ఇప్పుడే తినొచ్చానమ్మా" అనేది. నేనూ ఆ ఇంట్లో ఎప్పుడూ బోటీ వండలేదు. ఆయన మొహమాటస్తుడు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పలేడు అని అమ్మకీ నాకూ నేనే నచ్చజెప్పుకున్నాను. ఈ రోజు ఆ సంతకం చూశాక తెలిసింది. పేపరు వెనక కూడా ఆయన ఇలాగే సంతకం పెట్టారు.

"పికాంతే?" అన్నాడు కొట్టతను, ఎర్రటి కారం గిన్నె చూపించి. గట్టిగా తల ఊపాను. ఒక చెంచా వేశాడు. ఇంకా అన్నాను. ఇంకోటి వేసి పక్కవాళ్ళకేదో చెప్పాడు, వాళ్ళు నవ్వారు. వీధులూడ్చే ఒకామె పక్కకి జరిగి బల్ల మీద నాకు చోటిచ్చింది. "ఇండియా?" అంది. "తెనాలి," అన్నాను. ఆమెకి ఏం అర్థమైందో, "తెనాలి!" అని నాతోపాటు అని, ఎలా ఉందన్నట్టు రొట్టె వైపు చూపించింది. అమ్మ చేసినంత మెత్తగా ఉడికింది. మసాలా లేదు, లోపల పూసిన ఆకు పచ్చడేదో కొత్తగా ఉంది. మొత్తం తిన్నాను. ఇంకోటి తీసుకుని అదీ తిన్నాను. చేతులు, మూతి, చీర కుచ్చెళ్ళ మీద ఒక చుక్క. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే అందరూ కారమే అనుకున్నారు. ఆమె నాకు పేపరు న్యాప్‌కిన్లు గుప్పెడు తీసి ఇచ్చింది.

మార్కెట్టు బయటికొచ్చేసరికి ఫోన్‌లో పదకొండు మిస్డ్ కాల్స్. మళ్ళీ మోగితే ఎత్తాను.

"కృపా, అమ్మ అన్నం తినే టైమైంది. ఈ కుక్కర్లో నీళ్ళెన్ని పొయ్యాలి?"

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు."

"ఏ గ్లాసు?"

యాభై రెండేళ్ళ మనిషి, బ్యాంకు మేనేజరు. "ఏ గ్లాసుతో బియ్యం కొలిస్తే ఆ గ్లాసండి," అని పెట్టేశాను.

తర్వాత ఎక్కడికి పడితే అక్కడికి తిరిగాను. పెద్ద కూడలిలో దావీదు శిల్పం నకలు నిలబడి ఉంది. అసలుది మ్యూజియంలో ఉంది, దానికి టికెట్టు ఉన్నవాళ్ళు చూసుంటారు. నేను నకలు చుట్టూ మూడుసార్లు తిరిగాను. కుడి చెయ్యి మనిషికుండాల్సిన దానికన్నా పెద్దది, పుస్తకంలో అది తెలియదు. బంగారం కొట్లు కట్టిన వంతెన మీద జనంలో తోసుకుంటూ నడిచి, మధ్యలో గోడకి ఆనుకుని నదిని చూశాను. మా పెనుమూడి దగ్గర కృష్ణతో పోలిస్తే అది పెద్ద కాలవ. పచ్చగా, నెమ్మదిగా పోతోంది. పిస్తా ఐస్‌క్రీమ్ తిన్నాను. బాగుందని ఇంకోటి, నిమ్మకాయది. ఎవరికీ 'ఒక ముద్ద పెట్టనా' అని అడగకుండా, ఎవరి ఎంగిలి మిగిలిందో చూసుకోకుండా, నాకు కావలసినంత తినడం అలవాటు లేక మొదట చేతులు తడబడ్డాయి. అదీ గంటలో పోయింది.

ఐదింటికి నది దాటి మెట్లెక్కి గుట్ట మీదికి చేరాను. ఊరంతా కింద పరుచుకుని ఉంది. మధ్యలో గుమ్మటం కోడిపెట్టలా కూర్చుంది. మెట్ల మీద కూర్చుని నేనే ఆయనకి ఫోన్ చేశాను.

"ఆ ఉత్తరం ఎవరు రాశారండి?"

"అదా. వీసా కోసం ఊరికే. ఫార్మాలిటీ. బావ రాశాడు, నేను సంతకం పెట్టా. దానికింత రాద్ధాంతమా?"

"నాకు ఉద్యోగం లేదని రాశారు."

"అలా రాస్తే తొందరగా వస్తుందన్నారు."

"టికెట్లు మూడే తీశారు. నాతో ఇటలీ మాట ఎత్తకముందే తీశారు. అదీ ఫార్మాలిటీయేనా?"

"అది కాదు కృపా..." అని ఆగారు. గొంతు తగ్గించారు, పక్కన వదిన ఉన్నట్టుంది. ఆ తర్వాత అన్న మాట ఆయన అబద్ధంగా అనలేదు, నిజంగా అనుకునే అన్నారు. "నీకు ఈ బొమ్మలూ చర్చిలూ ఇలాంటి వాటి మీద ఇంట్రెస్ట్ ఉండదనుకున్నా."

అంతవరకు నాలో ఏదో మూల కోపమే ఉంది. కోపం ఉంటే మనిషి ఇంకా పోట్లాడతాడు. ఆ మాటతో అదీ ఉడిగిపోయింది. పద్దెనిమిదేళ్ళు డైనింగ్ టేబుల్ మీద, ఆయన ఎదురుగా, ఈ ఊరి గురించిన ప్రశ్నపత్రాలు దిద్దాను. నన్ను మోసం చేసి దాచారనుకున్నాను. దాచడానికైనా ఎదుటి మనిషికి ఏం కావాలో తెలిసుండాలి కదా. ఆయనకి అదీ తెలియదు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. అప్పుడు మా కరస్పాండెంట్ గారు గుర్తొచ్చారు. ఇంటర్వ్యూకి రాలేనని రాసిచ్చిన రోజు ఆయన, "పోనీ మన రేపల్లె స్కూలు చూసుకుంటావా అమ్మా? హెడ్‌మిస్ట్రెస్ పోస్టు. చిన్న ఊరని ఎవరూ వెళ్ళడంలేదు. క్వార్టర్సు ఉంది," అన్నారు. నవ్వి వచ్చేశాను. ఇంట్లో చెప్పను కూడా లేదు, చెప్పాల్సిన విషయమని తోచలేదు. ఇప్పుడు మెసేజ్ పెట్టాను. "సార్, రేపల్లె ఖాళీగానే ఉందాండి?" అక్కడ తొమ్మిదిన్నర అయ్యుంటుంది. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఉందమ్మా. నువ్వు సరేనంటే జూన్ పన్నెండున స్కూలు తెరిచే రోజుకి ఆర్డరు రెడీ."

సరేనని వెంటనే రాయలేదు. పాతికేళ్ళు కూడా ఒక్క వేలితో తుడిచేసేవి కావు. మా అబ్బాయి బెంగళూరులో చదువుకుంటున్నాడు, వాడేమంటాడో. ఆ ఇంట్లో నేను నాటిన కరివేపాకు చెట్టు, ఆయనకి జ్వరమొచ్చినప్పుడు నా భుజం మీద పెట్టే తల, ఇవన్నీ కూడా నిజాలే. ఆయన ఒక్క మాట సరిగ్గా అడిగితే నా మనసు మారుతుందని నాకు తెలుసు. నా గురించి నాకు ఆ భయమే ఉంది.

ఏడున్నరకి, ఇంకా ఎండ పోకముందే, మెట్లెక్కి తలుపు తట్టాను. హాల్లో నలుగురూ కూర్చుని ఉన్నారు. సింకులో మాడిన గిన్నె నానుతోంది. శాలేమురాజు అన్నయ్యగారే ముందు మాట్లాడారు. "నీకేం తక్కువ చేశాం కృపా? టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు, అన్నీ మేమే చూసుకున్నాం."

"అటెండెంట్‌కి చెయ్యాల్సినవన్నీ చేశారన్నయ్యగారూ," అన్నాను.

"మాటలు బానే వచ్చాయే," అంది వదిన. "రేపు వెనిస్‌లో అమ్మ దగ్గరెవరుంటారు?"

"రేపు మీరుండండి వదినా. ఎల్లుండి అన్నయ్యగారు. ఇన్సులిన్ ఎంతివ్వాలో డాక్టరుగారికి నేను చెప్పాలా?"

అత్తయ్య తన చేతులకేసి చూసుకుంటూ, "అమ్మాయ్, ఏదన్నా తిన్నావా?" అన్నారు. నేను కోడలిగా వచ్చిన పాతికేళ్ళలో ఆవిడ నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"తిన్నానత్తయ్యా. బోటీ తిన్నాను," అన్నాను. ఆవిడ తలెత్తి చూశారు.

మా ఆయన లేచి, నన్ను లోపలి గదిలోకి రమ్మని తలుపు దగ్గరగా వేశారు. మంచం మీద కూర్చున్నారు. మొహం వాడిపోయి ఉంది, చొక్కా మీద పప్పు మరకలున్నాయి. "సరే, తప్పైపోయింది. ఇక్కడితో వదిలెయ్," అన్నారు. నేను నిలబడే రేపల్లె స్కూలు సంగతి చెప్పాను. క్వార్టర్సు సంగతి చెప్పాను. అక్కడే ఉంటానని, ఇంకా సరే అనలేదని కూడా చెప్పాను. ఆయన అర్థం కానట్టు చూశారు. నిదానంగా అర్థమైంది. పెదాలు కదిలాయి.

నేను ఎదురుచూశాను. ఎందుకు అని అడుగుతారేమో. నేనేం చేశాను అని అడుగుతారేమో. వద్దు, వెళ్ళకు అంటారేమో. నన్నొదిలి ఉండగలవా అని అడిగినా సరే. ఏ మాటైనా సరే, అందులో నేను ఉంటే చాలు. పాతికేళ్ళలో నేను ఏ మాట కోసమూ అంతగా చెవులు రిక్కించలేదు.

"మరి అమ్మనెవరు చూస్తారు?" అన్నారాయన.

ఫోన్ తీసి, ఆయన చూస్తుండగానే కరస్పాండెంట్ గారికి 'సరేనండి' అని రాసి పంపాను.

"పన్నెండో తారీఖున నేను రేపల్లెలో జాయినవుతున్నానండి," అన్నాను. "ఆ సంగతి మీరు ఆలోచించుకోండి."